అన్యజనులకు తలుపు తీసింది పౌలేనా?

యూదుల మతం ఒక జాతికే పరిమితమైనదనీ, ఆ గోడ బద్దలుకొట్టి దేవుణ్ణి లోకమంతటికీ పంచినవాడు పౌలనీ చాలామంది నమ్ముతారు. ఈ కథ వినడానికి సాఫీగానే ఉంటుంది గానీ హీబ్రూ ప్రవక్తలకు అన్యాయం చేస్తుంది. అన్యజనులకు చోటుందా లేదా అన్న తగవు పౌలు పుట్టడానికి వందల ఏళ్ల ముందే ఇశ్రాయేలు లేఖనాల్లో మొదలైంది. తొలి క్రైస్తవులు ఆ పాత తగవులో ఒక పక్షం వహించారు, అంతే.

తగవు అనే అనాలి, ఎందుకంటే ప్రవక్తలందరూ ఒకే మాట చెప్పలేదు. సున్నతి లేని పరదేశి ఎవడూ పరిశుద్ధ స్థలంలో అడుగుపెట్టకూడదని యెహెజ్కేలు 44వ అధ్యాయం శాసిస్తుంది. నిబంధనను పాటించే పరదేశుల బలులను దేవుడు అంగీకరిస్తాడనీ, ఆయన మందిరం సమస్త జనాలదీ అనీ యెషయా 56వ అధ్యాయం అంటుంది. అదే గ్రంథంలో 19వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్తుంది. బానిసత్వంలో నలిపిన ఐగుప్తునూ, ఉత్తర రాజ్యాన్ని నేలమట్టం చేసిన అష్షూరునూ ఇశ్రాయేలు సరసన నిలబెట్టి, మూడింటినీ దేవుడు తనవిగా దీవిస్తాడని చెబుతుంది. ఆ రెండు జాతులూ ముందు ఇశ్రాయేలీయులుగా మారాలన్న షరతు అక్కడ కనిపించదు. శత్రువు గురించి ఇంతటి మాట అనగలిగిన సాహిత్యాన్ని సంకుచితమని ఎలా కొట్టిపారేస్తాం? అయితే హేరోదు కట్టించిన యెరూషలేము దేవాలయంలో నెగ్గింది యెహెజ్కేలు మాటే. 1871లో షార్ల్ క్లెర్మోన్-గన్నో అనే ఫ్రెంచ్ పండితుడు అక్కడ ఒక సున్నపురాతి పలకను గుర్తించాడు. దాని మీద గ్రీకు అక్షరాల్లో ఏడు వరుసలున్నాయి. పరాయి జాతివాడు ఈ అడ్డుగోడ దాటకూడదు, దాటి పట్టుబడితే తన చావుకు తానే బాధ్యుడు అని వాటి సారాంశం. ఆ పలక ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసువాడైన త్రోఫిమును ఆలయంలోకి తెచ్చాడన్న అనుమానంతోనే జనం పౌలును ఈడ్చి కొట్టారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది.

క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో సంఘ పెద్దలు కూర్చుని తేల్చవలసి వచ్చింది కూడా ఈ ప్రశ్ననే. విశ్వసించిన అన్యజనులు సున్నతి చేయించుకోవాలా? రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో సున్నతి లేనివారి మీదికీ పరిశుద్ధాత్మ దిగిరావడం చూసిన పేతురు దాన్ని సాక్ష్యంగా చెప్పాడు. ఆ తర్వాత యెరూషలేము సంఘ నాయకుడు యాకోబు ఆమోసు 9వ అధ్యాయాన్ని ఎత్తిచూపి, సున్నతి అక్కర్లేదన్నాడు. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరముంది. యాకోబు నోట వినిపించేది గ్రీకు పాఠం, అందులో మిగిలిన మనుషులు దేవుణ్ణి వెతుకుతారు. హీబ్రూ పాఠంలో ఉన్నది ఎదోము శేషాన్ని స్వాధీనం చేసుకోవడం. అంటే యాకోబు వాదన తప్పుడు పాఠం మీద నిలబడిందా? అదే అధ్యాయంలో కాస్త పైకి చూడాలి. కూషీయులు తనకు ఇశ్రాయేలు లాంటివారే అనీ, ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, అరామీయులను కీరు నుంచి తీసుకొచ్చింది తానే అనీ దేవుడు అక్కడ ప్రకటిస్తాడు. ఈ మాటలు హీబ్రూ పాఠంలోనే ఉన్నాయి. కాబట్టి యాకోబు చేసిన నిర్ణయానికి ఆమోసులో పునాది లేదనడం కుదరదు.

హోషేయ విషయంలో పౌలు మీద వచ్చే విమర్శ ఇంతకంటే బలమైనది. దేవుడు కాదన్న ప్రజను మళ్లీ తన ప్రజ అంటాడని హోషేయ చెప్పింది ఉత్తర ఇశ్రాయేలు గురించి. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు దాన్ని అన్యజనులకు వర్తింపజేశాడు. దీన్ని జోస్యం అక్షరాలా నెరవేరడమంటే నేను ఒప్పుకోను. కానీ హక్కు కోల్పోయినవారిని కృప తిరిగి పిలవగలిగితే, హక్కే లేనివారిని ఎందుకు పిలవకూడదన్నది ప్రవక్త తర్కానికి న్యాయమైన పొడిగింపు. వచనం చూసి జనాన్ని పిలవలేదు ఆ తొలి క్రైస్తవులు. జనం వచ్చాక, ఏ వచనం వెలుగులో దాన్ని అర్థం చేసుకోవాలా అని వెతికారు. అందులో మోసమేమీ లేదు, లేఖనాన్ని నమ్మినవాళ్లు చేసే పనే అది. పైగా యెరూషలేములో చేసిన ఆ నిర్ణయం సునాయాసంగా అమలు కాలేదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురే, యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గితే పౌలు ముఖం మీదే నిలదీశాడు. పంక్తిలోంచి లేచిపోవడమంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు.

లోపలికి వచ్చినవాళ్లు ఆ తర్వాత చేసిన పనే నన్ను ఎక్కువ బాధిస్తుంది. అడవి ఒలీవ కొమ్మ అంటుకట్టించుకుని అసలు కొమ్మల మీద అతిశయపడకూడదని పౌలు రోమీయులకు 11వ అధ్యాయంలో ముందే హెచ్చరించాడు. వందేళ్లయినా గడిచీ గడవకముందే, క్రీ.శ. 144 ప్రాంతంలో మార్సియన్ అనే క్రైస్తవ బోధకుడు హీబ్రూ లేఖనాలనే వద్దన్నాడు. సంఘం అతణ్ణి వెలివేసింది, మంచిదే. కానీ ఆ శతాబ్దపు మధ్యలోనే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ఆ లేఖనాలను చేతబట్టుకునే, నిజమైన ఇశ్రాయేలు ఇక క్రైస్తవులేనని వాదించాడు. ఐగుప్తునూ అష్షూరునూ చేర్చుకున్న యెషయా ఆ వరుసలోంచి ఇశ్రాయేలును తీసేయలేదు. ప్రవక్తల పేరు చెప్పి యూదులను బయటికి నెట్టడానికి ఆ ప్రవక్తలే ఒప్పుకోరు. కాథలిక్ సంఘం తన అధికారిక ప్రకటనలో ఆ ఒలీవ వేరును తనదిగా గుర్తుచేసుకుని, యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయడం తప్పని చెప్పడానికి 1965లో రెండో వాటికన్ మహాసభ దాకా ఆగాల్సి వచ్చింది.