శౌర్యానికి సాక్షి శత్రువేనా?

1965 సెప్టెంబరు 7 తెల్లవారుజామున పంజాబ్‌లోని ఆదంపూర్ స్థావరం నుంచి భారత వైమానిక దళానికి చెందిన మిస్టేర్ విమానాలు పాకిస్థాన్‌లోని సర్గోధాపై దాడికి బయల్దేరాయి. వింగ్ కమాండర్ ఓ.పి.తనేజా ఆ దళానికి నాయకుడు. కొడగుకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమడ బొప్పయ్య దేవయ్య ఆ దాడికి రిజర్వు పైలట్ మాత్రమే. ఎవరైనా వెళ్లలేకపోతేనే ఆయనకు అవకాశం. అయినా దేవయ్య వెళ్లారు. తిరిగి రాలేదు. ఆ రోజు ఆయన ఏమయ్యారో చూసిన సహచరుడు లేడు. అధికారిక పత్రాల్లో ఆయన పేరు ఎదుట 'ఆచూకీ లేదు' అన్న మాట మాత్రం మిగిలింది.

నిజం వెలుగు చూడడానికి పద్నాలుగేళ్లు పట్టింది. అది వచ్చింది కూడా ఢిల్లీ నుంచి కాదు. పాకిస్థాన్ వైమానిక దళం సహకారంతో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ రాసిన పుస్తకం 1979లో వెలువడింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజాద్ హుస్సేన్ నడుపుతున్న ఎఫ్‌-104 స్టార్‌ఫైటర్‌ ఆ రోజు ఒక మిస్టేర్‌ను దెబ్బతీసిందనీ, కూలిపోయిందనుకున్న ఆ మిస్టేరే తిరగబడి స్టార్‌ఫైటర్‌ను నేలకూల్చిందనీ అందులో ఉంది. ధ్వనికి రెట్టింపు వేగంతో దూసుకుపోగల విమానాన్ని, దానికంటే ఎంతో నెమ్మదైన, అప్పటికే దెబ్బతిన్న విమానంతో ఎదుర్కొన్న ఆ పైలట్ దేవయ్యేనని తేలింది. అంజాద్ పారాచూట్‌తో బయటపడ్డారు. దేవయ్య శత్రుభూమిలో ఒరిగిపోయారు. తనేజా వంటివారు పట్టుబట్టిన మీదట 1988లో ప్రభుత్వం దేవయ్యకు మహావీర చక్ర ప్రకటించింది. యుద్ధం ముగిసిన ఇరవై మూడేళ్లకు!

దీన్ని ఆలస్యంగానైనా అందిన గౌరవమని మురిసిపోవడం తేలిక. తన సైనికుడి సాహసాన్ని తెలుసుకోవడానికి ఒక గణతంత్ర రాజ్యం శత్రువు ఇచ్చిన సాక్ష్యం కోసం ఎదురుచూడవలసి రావడం గౌరవమెలా అవుతుంది?

అదే రోజును సరిహద్దుకు ఆవల ఎలా గుర్తుంచుకున్నారో చూడాలి. సర్గోధా గగనంలో స్క్వాడ్రన్ లీడర్ ఎం.ఎం.ఆలం ఒక్క పోరులో అయిదు భారత హంటర్లను కూల్చారని పాకిస్థాన్ ప్రకటించింది. భారత పక్షం ఆ సంఖ్యను ఏనాడూ అంగీకరించలేదు. అయినా పాకిస్థాన్‌లో అది పాఠంగా, పురాణంగా స్థిరపడింది. సెప్టెంబరు 7 అక్కడ వైమానిక దళ దినోత్సవం. తూర్పున బెంగాల్‌లోని కలైకుండపై అదే రోజు పాకిస్థాన్ సేబర్లు దాడి చేశాయి. మొదటి విడతలో నేలమీది భారత విమానాలు దగ్ధమయ్యాయి. రెండోసారి వచ్చిన సేబర్లను ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్ ఎదుర్కొని వీర చక్ర పొందారు. ఒకే రోజులో గెలుపూ నష్టమూ రెండూ ఉన్నాయి. ఒక దేశం గెలుపును పెంచి చెప్పింది. మరో దేశం నష్టంతోపాటు తన సాహసాన్నీ దస్త్రాల్లో పాతిపెట్టింది. 1965 యుద్ధ చరిత్రను రక్షణ శాఖ 1992లోనే సిద్ధం చేసినా ప్రజలకు ఇవ్వలేదు. 2000లో అది ఇంటర్నెట్‌కు పొక్కిన తర్వాతే పౌరులు చదవగలిగారు.

ఇదంతా గతమని తీసిపారేయడానికి వీల్లేదు. 2019 ఫిబ్రవరి 27న జమ్మూకశ్మీర్ గగనతలంలో రెండు వైమానిక దళాలు తలపడిన రోజు, బడ్గాంలో ఒక ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు మరణించారు. దాన్ని కూల్చింది భారత క్షిపణే. ఈ మాట వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్.భదౌరియా నోట బహిరంగంగా వెలువడినది అదే ఏడాది అక్టోబరులో. ఈలోగా లోక్‌సభ ఎన్నికలు ముగిశాయి. ప్రచార సభల్లో పాకిస్థాన్‌పై వైమానిక దాడి మార్మోగింది గానీ, సొంత క్షిపణికి బలైన ఆ ఏడుగురి ఊసు లేదు. పాకిస్థాన్ కూడా తక్కువ తినలేదు. ఇద్దరు భారత పైలట్లు తమ అదుపులో ఉన్నారని ప్రకటించి, సాయంత్రానికి ఒక్కరేనని మాట మార్చింది.

2025 మే 7 పోరులోనూ ఇదే తంతు. భారత యుద్ధవిమానాలను కూల్చామని పాకిస్థాన్ ఆ రోజే చాటుకుంది. ఆధారమేదని విదేశీ విలేకరి అడిగితే, ఆ దేశ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ సోషల్ మీడియా వైపు చూపించారు. భారత పక్షాన నష్టం జరిగిందన్న స్పష్టమైన అంగీకారం మే 31న వచ్చింది. త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ ఆ మాట చెప్పింది పార్లమెంటులో కాదు, సింగపూర్‌లో ఒక విదేశీ వార్తాసంస్థకు. ఎన్ని విమానాలన్నది ఆయనా చెప్పలేదు. జులైలో లోక్‌సభలో ప్రతిపక్షం అదే అడిగితే, పరీక్షలో ఫలితం చూడాలి గానీ పెన్సిల్ విరిగిందా, పెన్ను పోయిందా అని చూడరాదన్నారు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్. ఆగస్టు 9న మాత్రం పాకిస్థాన్‌వి అయిదు యుద్ధవిమానాలనూ ఒక పెద్ద విమానాన్నీ కూల్చామని వైమానిక దళాధిపతి ఎ.పి.సింగ్ బెంగళూరులో ప్రకటించారు. అంటే శత్రువు నష్టాన్ని వేళ్లమీద లెక్కపెట్టి చెప్పవచ్చు. మన నష్టం దగ్గరికి వచ్చేసరికి లెక్క అడగడమే తప్పు!

యుద్ధవిమానం పెన్సిల్ కాదు. అది ప్రజల సొమ్ము. అందులో కూర్చునేది ఒక మనిషి. విమానం ఎందుకు పోయిందన్న ప్రశ్న వ్యూహానిదా, ఆయుధానిదా, రాజకీయ ఆదేశానిదా తేలాలంటే ముందు పోయిందని ఒప్పుకోవాలి.

నష్టాలు చెబితే శత్రువుకు మేలు జరుగుతుందని, సైన్యం మనోస్థైర్యం దెబ్బతింటుందని ప్రభుత్వ సమర్థకులు వాదిస్తారు. పోరు సాగుతున్నప్పుడు గోప్యత అవసరమే. ఎవరూ కాదనరు. అయితే ఆ వాదనకు 1999 కార్గిల్ జవాబు చెప్పి ఇరవై ఆరేళ్లయింది. ఆ ఏడాది మే 27న ఒక మిగ్‌-21, ఒక మిగ్‌-27, మరునాడు ఒక ఎంఐ-17 పోయాయి. యుద్ధం నడుమనే వాజ్‌పేయీ ప్రభుత్వం ఆ సంగతి దేశానికి చెప్పింది. స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మరణాన్ని, ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత పట్టుబడడాన్ని దాచలేదు. సైన్యం కుంగిపోలేదు, యుద్ధం గెలిచింది. శరదృతువులో జరిగిన ఎన్నికల్లో అదే ప్రభుత్వం తిరిగి అధికారంలోకి వచ్చింది. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ ఏర్పడింది. కొన్ని భాగాలు తొలగించినా దాని నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. నేటి పాలకులు తమ సొంత పార్టీ నెలకొల్పిన ఆ సంప్రదాయాన్నే ఎందుకు వదిలేశారు?

2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానాన్ని ప్రకటించింది. యుద్ధ చరిత్రను అయిదేళ్లలో సంకలనం చేయాలి, రికార్డులను సాధారణంగా 25 ఏళ్లలో బయటపెట్టాలి. మంచి మాటే. కానీ 1962 పరాజయంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఆరు దశాబ్దాలు దాటినా దాచిన వ్యవస్థ, తనకు తాను రాసుకున్న విధానానికి కట్టుబడుతుందని నమ్మడం ఎలా? గడువు చట్టంలో ఉండాలి. దాన్ని తప్పినప్పుడు జవాబు చెప్పవలసింది పార్లమెంటుకు. అత్యంత రహస్యమైన అంశాలను స్థాయీ సంఘం రహస్య సమావేశంలో పరిశీలించవచ్చు. ఇందులో దేశభద్రతకు ముప్పేమీ లేదు. ముప్పంతా ఎన్నికల ఉపన్యాసాలకే.

శత్రువు రాడార్లకు తెలిసిన నష్టం శత్రువు దగ్గర రహస్యంగా ఉండదు. అది సొంత పౌరుల దగ్గరే రహస్యం. ఆ దాపరికానికి మూల్యం మంత్రులు చెల్లించరు. 'ఆచూకీ లేదు' అన్న కాగితంతో ఇరవై మూడేళ్లు బతికిన దేవయ్య కుటుంబం చెల్లించింది. బడ్గాంలో రాలిపోయిన ఏడుగురి కుటుంబాలు చెల్లించాయి. సైనికుడి పేరు చెప్పి ఓటు అడిగే నాయకుడు, ఆ సైనికుడి చివరి ఘడియ గురించి నిజం కూడా చెప్పాలి. అది చెప్పలేనివాడికి శౌర్యాన్ని పొగిడే హక్కు లేదు.