ప్రతిదానికీ ఫైర్‌వాలేనా?

రొంపిచెర్లలో కంప్యూటరు మొరాయిస్తే నరసరావుపేట నుంచి బాగుచేసే కుర్రాడు వస్తాడు. వచ్చీ రాగానే ఫైర్‌వాల్ ఆపేస్తాడు. ‘ఇదే అన్నా అడ్డుపడేది’ అంటాడు. ఒక్కోసారి పనవుతుంది కూడా, అప్పటికే అవతలి సర్వరు కోలుకుని ఉంటుంది గనక. దాంతో ఆ వైద్యం మీద గురి కుదిరిపోయింది. ఆపిందాన్ని మళ్లీ పెట్టేవాడు మాత్రం కనపడడు.

ఈ-కేవైసీ సంగతే చూడండి. రైతు వేలు పెట్టి నిలబడి ఉంటాడు, తెర మీద డివైస్ దొరకలేదని వస్తుంది. వెంటనే అందరూ ఫైర్‌వాల్ మీద పడతారు. ఆధార్ వేలిముద్ర పరికరాన్ని నడిపే ఆర్‌డీ సర్వీసు ఉండేది ఆ కంప్యూటరులోనే, 127.0.0.1 చిరునామాలో, 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాని మీద. బ్రౌజరు వాటిని వరసగా తట్టి చూస్తుంది. ఈ వ్యవహారమంతా ఇంటి గడప దాటదు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా దాని జోలికే పోదు. నెట్‌స్టాట్ కొట్టి ఆ పోర్టుల్లో ఏదైనా ‘లిజనింగ్’ అని ఉందా లేదా చూడండి. లేకపోతే సర్వీసే నడవడం లేదు. ఉండి కూడా పనికాకపోతే బ్రౌజరునో యాంటీవైరస్‌నో అనుమానించాలి.

బయటి సర్వరైతే ఫైర్‌వాల్ అడ్డు నిజంగానే ఉండొచ్చు. కానీ ఎవరి ఫైర్‌వాల్? విండోస్‌ది మొదటి నుంచీ లోపలికి వచ్చేవాటిని ఆపేదే గానీ, బయటికి వెళ్లేవాటిని మనం చెబితే తప్ప ఆపదు. అడ్డు రూటరులోనో, అవతలి వాళ్ల దగ్గరో ఉంటే మన యంత్రంలో తీసి ఏం లాభం?

పింగ్ రాలేదు కాబట్టి పోర్టు మూసేశారనడం ఇంకో మూఢనమ్మకం. పింగ్ వాడేది ఐసీఎంపీ, దానికి పోర్టులే ఉండవు. పింగ్‌ని పట్టించుకోకుండా 443 తెరిచి ఉంచే సర్వర్లు కొల్లలు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌కి సర్వరు పేరూ పోర్టు నంబరూ ఇస్తే అందుతోందో లేదో చెబుతుంది. అందకపోతే ఎందుకన్నది ఎన్‌మ్యాప్‌తో పట్టవచ్చు (అనుమతి ఉన్న సర్వరు మీదే సుమా). ‘క్లోజ్‌డ్’ అంటే యంత్రం పలికింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. ‘ఫిల్టర్డ్’ అంటే చాలాసార్లు జవాబే లేదు. ఫైర్‌వాల్‌ని అనుమానించాల్సింది అప్పుడు. కొన్ని ఫైర్‌వాల్‌లు తామే తిరస్కారం పంపి ‘క్లోజ్‌డ్’లా నటిస్తాయి, అది వేరే గొడవ.

అడ్డు మన దగ్గరే అని తేలినా, ఆ ఒక్క పోర్టుకి ఒక్క రూలు రాస్తే చాలు. మొత్తం ఎత్తేస్తే ఏమవుతుందో 2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై అనే కంప్యూటరు పురుగు చూపించింది. అది 445 పోర్టు తెరిచి ఉన్న విండోస్ యంత్రాలను వెతుక్కుంటూ పాకింది. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి, గుంటూరు జిల్లావి సహా. రొంపిచెర్ల అప్పుడు ఆ జిల్లాలోదే. అది దూరిన లోపానికి మరమ్మతు ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ఆ ప్యాచ్ వేయని యంత్రానికి కూడా 445కి బయటినుంచి దారి లేకపోతే, ఆ పురుగు నెట్ మీదుగా లోపలికి రాలేకపోయేది.