రోడ్డు లెక్కలో ఆడవాళ్లెక్కడ?

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రోడ్లు వెడల్పవుతున్నాయంటే సంతోషించని వాళ్లుండరు. పూతలపట్టు నుంచి తిరుపతికి, మదనపల్లె నుంచి పీలేరు మీదుగా తిరుపతికి, అక్కడి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేటలకు... ఈ దారుల మీద నిత్యం ఎంత రద్దీయో మనకు తెలియనిది కాదు. నొప్పులు పడుతున్న అమ్మాయిని తిరుపతి ప్రసూతి ఆస్పత్రికి చేర్చాలన్నా, పెద్దవాళ్లను వేలూరు తీసుకెళ్లాలన్నా పది నిమిషాలు కలిసిరావడం చిన్న విషయమేమీ కాదు. మంచి రోడ్డు కావాల్సిందే.

అయితే ఆ రోడ్డు ఎవరి కోసమని ప్లాను వేస్తున్నారు?

రోడ్డు ఎంత వెడల్పుండాలో తేల్చడానికి ముందుగా వారం రోజులపాటు రాత్రీ పగలూ బండ్లు లెక్కపెడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఊళ్ల బయటి రోడ్లకు ఇచ్చిన లెక్క ప్రకారం కారును 1గా తీసుకుంటే బస్సుకూ లారీకీ 3. స్కూటరుకూ సైకిలుకూ అర. ఎద్దుల బండికి ఏకంగా 8! ఆ పట్టికలో కాలినడకన వెళ్లే మనిషికి మాత్రం అంకే లేదు. నడిచేవాళ్లను విడిగా లెక్కించే పద్ధతులూ, కాలిబాటలకు నియమాలూ లేకపోలేదు. కానీ ఫలానా చోట అవసరమని గట్టిగా చెప్పేవాళ్లు లేకపోతే అవి కాగితం దాటి రావు.

ఆ నడిచేవాళ్లలో మనమే ఎక్కువ కదా! తెల్లవారుజామున పాల కేంద్రానికి క్యాను మోసుకెళ్లే అక్క, అవతలి పక్క బడికి బిడ్డను దాటించే తల్లి, చెనిక్కాయలు పెరికే కూలికి పోయే ఆడవాళ్లు, పెరటాసి నెలలో గోవింద నామాలతో కొండకు నడిచే భక్తురాళ్లు... వీళ్లంతా రోడ్డు వాడేవాళ్లే. రెండు వరసల రోడ్డు నాలుగు వరసలై మధ్యలో డివైడర్ లేస్తే ఇల్లు ఇటు, పొలం అటు. దాటే దారి ఎక్కడో అర కిలోమీటరు అవతల! తలమీద గడ్డిమోపుతో డివైడర్ ఎక్కి దిగే మనిషిని చూసి 'బుద్ధిలేదా' అంటాం. అక్కడ దారి పెట్టని ప్లానును మాత్రం ఎవరూ ఏమీ అనరు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ బస్సు వచ్చేదాకా ఎక్కడ నిలబడాలి? నీడలేదు, పొద్దుగూకితే లైటు లేదు, మరుగుదొడ్డి మాట అడగనే వద్దు. టికెట్టు ఖర్చు తప్పింది సరే, చీకట్లో రోడ్డంచున నిలబడే భయం తప్పొద్దూ?

2017 ఏప్రిల్ 21న ఏర్పేడులో ఏం జరిగిందో ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఇసుక తవ్వకాల మీద మొరపెట్టుకోవడానికి పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చిన జనం మీదికి లారీ దూసుకొచ్చింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. పెద్ద రోడ్డు ఊరి మధ్యలోంచి పోయేచోట, మనుషులు గుమికూడే చోట, బండి వేగాన్ని తగ్గించే ఏర్పాటు ఎంత అవసరమో ఇంతకంటే చెప్పాలా?

ప్రతి ఊరికీ అండర్‌పాస్ అంటే మాటలా, ఖర్చెంత అంటారు. నిజమే. అయితే బస్సు పక్కకు తీసి ఆపుకునే చోటు, నాలుగు దీపాలు, బడి ముందు వేగనిరోధకం, ఊరి పొడవునా కాలిబాట... వీటికి కోట్లు కావాలా? ప్లానులో ముందే ఉంటే తక్కువలో పోతుంది. రోడ్డు పూర్తయ్యాక అడిగితే 'ఇప్పుడు కుదరదమ్మా' అన్న మాటే మిగులుతుంది.

కాబట్టి ముందే అడగాలి. పర్యావరణ అనుమతి కావాల్సిన పెద్ద రోడ్లకు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. 30 రోజుల ముందే తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. అక్కడ చెప్పినవన్నీ రాసుకుని, చివర్లో మన భాషలోనే చదివి వినిపించాలన్నది నియమం. జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు ఆ భూమిలో హక్కున్నవాళ్లు ప్రకటన వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం చెప్పొచ్చు. చిన్న పనులైతే ఆర్ అండ్ బి ఇంజనీరు ఆఫీసుంది, సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.

ఈ సభలకు 'ఆయన వెళ్తారులే' అని మనం ఇంట్లో ఉండిపోతే ఎలా? ఆయనకు పొలం రేటు గుర్తుంటుంది. సాయంత్రం ఆరు గంటలకు మీ అమ్మాయి ఏ చెట్టు కింద బస్సు కోసం నిలబడుతుందో చెప్పగలిగేది మీరే. వచ్చే పొదుపు సంఘం మీటింగులో అప్పుల లెక్క అయ్యాక ఓ పావుగంట దీనికివ్వండి. మీ ఊళ్లో ఎక్కడ దాటాలి, ఎక్కడ బస్సు ఆగాలి, ఎక్కడ లైటు కావాలి... ఒక కాగితం మీద రాయండి. అందరూ సంతకాలు పెట్టి, నలుగురూ కలిసి వెళ్లి ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి!