చిట్టా రాస్తే చాలదు, చూసేవారు కావాలి

మన్ననూర్: శ్రీశైలం రోడ్డుపై మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూతపడి ఉదయం 6 గంటలకు తెరుచుకుంటుంది. గేటు ఎంత అవసరమో, ఏ బండి ఎప్పుడు పోయిందో రాసుకునే పుస్తకమూ అంతే అవసరం. ఇదే సూత్రం నేడు బ్యాంకు కంప్యూటర్లకు వర్తిస్తున్నది. ఉపాధి హామీ కూలి, పంట సొమ్ము ఖాతాల్లోనే పడుతున్నందున ఇది పల్లె ప్రజలకు సంబంధం లేని విషయం కాదు.

హైదరాబాద్‌లోని మహేశ్ సహకార పట్టణ బ్యాంకు ఉదంతమే ఇందుకు నిదర్శనం. 2022 జనవరిలో దుండగులు ఆ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. సొమ్మును వందకు పైగా ఖాతాలకు మళ్ళించి, పలుచోట్ల ఏటీఎంల ద్వారా తీసుకున్నారు. 2021 నవంబరులో బ్యాంకు సిబ్బందికి 200కు పైగా మోసపు మెయిళ్ళు వచ్చాయని, వాటిని ఇద్దరు తెరవడంతో దొంగలకు దారి దొరికిందని పోలీసు దర్యాప్తులో తేలింది. భద్రతా నిబంధనలు పాటించలేదని రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. దొంగ లోపలికి వచ్చింది నవంబరులో, దోచుకున్నది జనవరిలో. నడుమ రెండు నెలల వ్యవధి ఉన్నది. కంప్యూటరును ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తెరిచారో అది తనంతట తానే రాసుకోగలదు. ఈ రోజుచిట్టానే లాగ్ అంటారు. వేళగాని వేళ తెరిచినా, కొత్తచోటి నుంచి తెరిచినా అందులో జాడ పడుతుంది. దానిని రోజూ పరిశీలించేవారుంటే దొంగను ముందే పసిగట్టే వీలుంటుంది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. చొరబాటు తెలిసిన 6 గంటల్లో సమాచారమివ్వాలి. కంప్యూటర్ల గడియారాలన్నీ ఒకే సమయం చూపాలి. మన్ననూర్ గడియారం ఒకటి, దోమలపెంట గడియారం మరొకటి చెబితే బండి ఎప్పుడు పోయిందో తేల్చలేం కదా!

అయితే చట్టం చిట్టాను దాయించగలదేగాని, దానిని శ్రద్ధగా చదివించలేదు. తనిఖీకి వచ్చినప్పుడు చూపడానికే కాగితాలు సిద్ధం చేసుకుంటే నిబంధన నెరవేరుతుందిగాని సొమ్ముకు రక్షణ ఉండదు. చిన్న బ్యాంకులకు ప్రత్యేక నిపుణులను పెట్టుకోవడం భారమే. అలాంటివి నాలుగైదు కలిసి ఉమ్మడిగా కాపలా ఏర్పాటు చేసుకోవడం మేలు.

దేశంలోని 63,000 ప్రాథమిక సహకార సంఘాల్లో కంప్యూటర్లు నెలకొల్పే పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో ఆమోదించింది. కంప్యూటరు వచ్చిన ప్రతి సంఘానికీ ఈ బాధ్యత వచ్చినట్లే. ఒకే రహస్య సంకేతాన్ని పదిమంది వాడుతున్నారా? మానేసిన ఉద్యోగి పేరు తొలగించారా? చిట్టాను ఎవరు చూస్తున్నారు? సర్వసభ్య సమావేశంలో ఎరువుల లెక్కతోపాటు ఈ మూడు ప్రశ్నలూ సభ్యులు అడగాలి.

ఖాతాలో తెలియని ఖర్చు కనబడితే రైతులు వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.