ఐపీ పెడితే ఇల్లు దక్కుతుందా?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ‘ఐపీ పెట్టాడు’ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. మిర్చి ధర పడిపోయి, పత్తి పురుగుపాలై, చేబదుళ్లకు క్రెడిట్ కార్డు బాకీ కూడా తోడైతే కొందరికి తట్టే ఉపాయం ఒకటుంది: ఇల్లు భార్య పేర రాసేసి దివాలా పిటిషన్ వేయడం. పేరు మారుతుంది, కాపురం మాత్రం ఆ గడపలోనే!

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఈ ఎత్తును ముందే ఊహించింది. ఊరికే రాసిచ్చిన రెండేళ్లలోపు పిటిషన్ పడి, దివాలాదారుగా తేలితే ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయొచ్చు. 2016లో కొత్త కోడ్ వచ్చినా మామూలు మనుషులకు ఇంకా ఆ పాత చట్టమే దిక్కు.

చిత్రమేమిటంటే, సేద్యమే ఆధారమైన రైతు కాపురముంటున్న ఇంటిని మామూలు బాకీల కింద జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఎటూ కాపాడుతుంది. తాకట్టు పెట్టిన ఇంటికి మాత్రం ఆ రక్షణ లేదు.