సున్నా సుంకం ఎవరి దయా కాదు

అమెరికా సుంకాలు పెంచిందనగానే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ర్యామ్ ధర మండిపోతోందని కథనాలు వచ్చేస్తున్నాయి. ఆ సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. మేడ్చల్ రోడ్డు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలైనా, శామీర్‌పేట బిట్స్ విద్యార్థులైనా కొనే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్‌లపై మన కస్టమ్స్ మూల సుంకం సున్నా. వారిమీద పడేది 18 శాతం జీఎస్టీ, డాలరు రేటు, ఇటీవల ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో వచ్చిన మెమరీ కొరత.

ఆ సున్నా ఎక్కడిదో ఎవరూ రాయరు. 1996 డిసెంబరులో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో మనం 1997లో చేరాం. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఇచ్చిన మన సుంకాల పట్టికలో ఆ సున్నాను రాసిచ్చాం. దాన్ని దాటితే సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం (గాట్) రెండో అధికరణాన్ని ఉల్లంఘించినట్టే. 2017 నుంచి మొబైల్ ఫోన్ల వంటివాటిపై సుంకం వేసినప్పుడు ఐరోపా సమాఖ్య, జపాన్, తైవాన్ ఫిర్యాదు చేసింది ఈ పట్టికను పట్టుకునే. పాత ఒప్పందం కొత్త వస్తువులకు వర్తించదన్నాం. 2007 నాటి అంతర్జాతీయ వస్తు వర్గీకరణలోకి పట్టికను మార్చేటప్పుడు పొరపాటు జరిగిందని, దేశాల మధ్య ఒప్పందాలపై వియన్నా ఒడంబడిక 48వ అధికరణం కింద ఆ మేరకు మన సమ్మతి చెల్లదని వాదించాం. అదే అధికరణంలోని రెండో ఖండికను మాత్రం మనవాళ్లు తేలిగ్గా తీసుకున్నారు: పొరపాటును పసిగట్టే పరిస్థితిలో ఉన్న దేశం ఆ సాకు చెప్పకూడదు. పట్టికను సరిచూసుకునే అవకాశం మనకుంది. 2023 ఏప్రిల్ 17న వాణిజ్య సంస్థ వివాద పరిష్కార ప్యానెళ్లు మన వాదనలను తోసిపుచ్చాయి. బాధ్యత పుట్టేది పట్టికలోంచి అన్నాయి. నా దృష్టిలో అది సరైన తీర్పే.

జపాన్, ఐరోపా కేసుల్లో అప్పీలు చేశాం. వాణిజ్య సంస్థ అప్పీళ్ల సంఘానికి 2019 డిసెంబరు నుంచి కోరమే లేదు. అమలు ఆగింది తప్ప మనం గెలవలేదు.

సుంకం కంటే లైసెన్సు ప్రమాదకరం. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, సర్వర్లకు దిగుమతి లైసెన్సు తప్పనిసరి చేసి, మర్నాడే వాయిదా వేశారు. దిగుమతులపై ఇలాంటి ఆంక్షలను గాట్ పదకొండో అధికరణం నిషేధిస్తుంది.

మేడ్చల్ జిల్లాలోనే ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. 1997 తర్వాత అలాంటి స్వదేశీ హార్డ్‌వేర్ దెబ్బతిన్న మాట నిజమే. దానికి మందు 2023 మేలో ఆమోదించిన 17,000 కోట్ల రూపాయల ఐటీ హార్డ్‌వేర్ ఉత్పత్తి ప్రోత్సాహక పథకం వంటిది. సరిహద్దులో అడ్డుగోడ కాదు. విడిభాగాలపై సున్నా సుంకాన్ని కదిలించబోమని, వాటిని లైసెన్సు పరిధిలోకి తేబోమని కేంద్రం పార్లమెంటులో స్పష్టంగా ప్రకటించాలి.