పాత డీజిల్ ఇంజనుకు మందేది? పథ్యమేది?

1900 సంవత్సరంలో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, ఇంధనం మారిన సంగతిని బహు కొద్దిమంది మాత్రమే గమనించారని రుడాల్ఫ్ డీజిల్ తరువాతి కాలంలో పేర్కొన్నాడు. డీజిల్ ఇంజను ఏ నూనె పోసినా నడుస్తుందన్న నమ్మకం నాటి నుండి నేటి వరకు లోకంలో నిలిచి ఉన్నది. ఇది సగం మాత్రమే నిజం. సిలిండరు దేనినైనా మండించుకొనగలదు గాని, ఇంధనాన్ని సిలిండరుకు అందించే పంపు, ఇంజెక్టరు అంత ఓర్పు గలవి కావు. ఆ పంపులో ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య ఉండే ఎడం కొద్ది మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం దానికి అనేక రెట్లు ఉంటుంది.

సౌదీ అరేబియాలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు అనేకులు లారీలు, నీళ్ల ట్యాంకర్లు, జనరేటర్లు నడిపి కుటుంబాలను పోషించుకొంటున్నారు. వారి చేతికి వచ్చేవి తరచుగా పాత ఇంజన్లే. పంపు చెడితే బండి నిలిచిపోతుంది. బండి నిలిచిపోతే ఆ నింద, కొన్నిచోట్ల ఆ ఖర్చు కూడా, డ్రైవరు మీదనే పడుతుంది. కనుకనే స్పేర్ పార్టుల దుకాణంలో రంగురంగుల సీసాలు అంతగా ఆకర్షిస్తాయి. వీటిలో ఏది మంచిదని అడిగేవారు ఎక్కువ. బండికి ఉన్న జబ్బు ఏదని అడిగేవారు తక్కువ. రసాయన శాస్త్రం ముందుగా అడిగేది రెండవ ప్రశ్ననే.

ఇటీవలి భయానికి ఒక కారణం లేకపోలేదు. సౌదీ విపణిలో యూరో 5 ప్రమాణాల డీజిల్‌ను ప్రవేశపెట్టినట్లు ఆ దేశ ఇంధన మంత్రిత్వ శాఖ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఈ ప్రమాణం ప్రకారం పది లక్షల భాగాల డీజిల్‌లో గంధకం 10 భాగాలకు మించరాదు. గంధకం పోతే కందెన గుణం పోతుందని మెకానిక్కులు అంటారు. నిజానికి కందెనగా పనిచేసేది గంధకం కాదు. గంధకాన్ని తొలగించడానికి డీజిల్‌ను అధిక పీడనంలో హైడ్రోజన్‌తో శుద్ధి చేసినపుడు, ఆక్సిజన్, నత్రజని గల కొన్ని సమ్మేళనాలు కూడా నశిస్తాయి. లోహం మీద పలుచని పొరగా అంటుకొని అరుగుదలను ఆపేవి అవే. 1990 దశకం ఆరంభంలో స్వీడన్ దేశం ఇట్టి డీజిల్‌ను వాడుకలోకి తెచ్చినపుడు పంపులు అరిగిపోయి ఈ సంగతి బయటపడింది. అటు తరువాత యూరప్ ప్రమాణాలలో ఒక పరీక్ష చేరింది. డీజిల్‌లో ముంచిన ఉక్కు గుండును ఉక్కు పలక మీద రుద్దినపుడు, గుండు మీద ఏర్పడే గాటు 460 మైక్రాన్లకు మించకూడదు. అందుకొరకు శుద్ధి కర్మాగారాలే సాధారణంగా కందెన ద్రవ్యాన్ని కలిపి పంపుతాయి. కనుక మంచి బంకులో పోయించిన డీజిల్‌కు మరల అదే మందు పోయడం చాలావరకు పునరుక్తి. పైగా, గంధకం తగ్గినందువల్ల పాత ఇంజనుకు మేలు కూడా ఉన్నది. సిలిండరులో పుట్టే ఆమ్లం తగ్గుతుంది. రింగులు, ఇంజను ఆయిలు ఎక్కువ కాలం మన్నుతాయి.

అసలైన శత్రువులు వేరు. మొదటిది నీరు. 2003 జూలై 8న దహ్రాన్‌లో తుషార స్థానం 35 డిగ్రీల సెల్సియస్‌గా నమోదయింది. అంత తేమ ఉన్న గాలి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చేరి, ట్యాంకు చల్లబడినపుడు నీటి బొట్లుగా మారి అడుగుకు దిగుతుంది. ఆ నీరు తుప్పును పెంచుతుంది. నీటికి, డీజిల్‌కు నడుమ సూక్ష్మజీవులు పెరిగి, జిగురు వంటి పదార్థంతో ఫిల్టరును మూసివేస్తాయి. రెండవది ఇసుక ధూళి. ఇసుకలోని సిలికా రేణువును కరిగించే సంకలనద్రవ్యం ఏ సీసాలోనూ లేదు. మూడవది వేడిమి. వేడెక్కిన డీజిల్ పలుచనై, పంపులోని పొర బలహీనపడుతుంది. ఇందులో రోటరీ పంపులకు ప్రమాదం ఎక్కువ. వాటికి డీజిలే కందెన. పాత ఇన్‌లైన్ పంపులలో కామ్ షాఫ్టుకు సాధారణంగా ఇంజను ఆయిలు అందుతుంది గనుక అవి కొంత ఓర్చుకొంటాయి.

ఇక సీసాలలో ఏమున్నదో చూడవలసి ఉన్నది. కొవ్వు ఆమ్లాలు లేదా వాటి ఎస్టర్లు ఉన్నవి పంపు అరుగుదలను తగ్గిస్తాయి. డిటర్జెంట్లు ఇంజెక్టరు మొనకు పట్టిన మసిని కడుగుతాయి. అయితే మురికి ట్యాంకులో పోస్తే కదలిన మడ్డి ఫిల్టరును అడ్డగిస్తుంది. సీటేన్ పెంచే ఇథైల్‌హెక్సైల్ నైట్రేటు ఇంధనం త్వరగా అంటుకొనేటట్లు చేస్తుందే గాని అరిగిన పంపును బాగుచేయదు. నీటిని విడదీసి అడుగుకు దింపే ద్రవ్యం మేలైనది. నీటిని డీజిల్‌లో కలిపివేసే ద్రవ్యం ఆ నీటిని నేరుగా ఇంజెక్టరుకే చేరుస్తుంది. శీతాకాలంలో మైనం గడ్డకట్టకుండా ఉపయోగించే మందుతో జుబైల్‌లో గాని, జెద్దాలో గాని పనిలేదు.

మైలేజి పెరుగుతుందన్న ప్రకటనకు చిన్న లెక్క చాలు. 2025 జనవరిలో సౌదీలో డీజిల్ ధర లీటరుకు 1.66 రియాళ్లు. 60 లీటర్లకు 99.60 రియాళ్లు అవుతుంది. సీసా చెప్పినట్లు నూటికి 3 వంతులు ఆదా అయిందనుకొన్నా, మిగిలేది 3 రియాళ్లకు కొంచెం తక్కువ. ఒక ట్యాంకుకు పట్టే మందు అంతకంటే ఖరీదైతే, ఆదా అయినది దుకాణదారుకే!

ఇంటివైద్యం ఇంకా ప్రమాదకరం. వాడిన ఇంజను ఆయిలు పోస్తే అందులోని లోహపు రజను, బూడిద పంపుకు చేరుతాయి. పెట్రోలు కలిపితే ఫ్లాష్ పాయింటు పడిపోయి, ఎండలో నిలిచిన ట్యాంకు మీద నిప్పు భయం పెరుగుతుంది. ఆముదం సంగతి ఆసక్తికరం. ఆముదం నుండి తయారుచేసిన మిథైల్ ఎస్టరు శ్రేష్ఠమైన కందెన ద్రవ్యం. అయితే పచ్చి ఆముదం డీజిల్‌లో సరిగా కలవదు. ఊరి నుండి తెచ్చిన సీసాను ట్యాంకులో వంచడం విజ్ఞత కాదు.

కనుక పాత ఇంజనుకు పథ్యం ముందు, మందు తరువాత. సాయంత్రం ట్యాంకు నింపి ఉంచడం, సెపరేటరులోని నీటిని క్రమం తప్పక తీయడం, ఫిల్టరును గడువుకు ముందే మార్చడం, నమ్మకమైన చోట డీజిల్ పోయించడం అన్నవి పథ్యం. పాత రబ్బరు సీళ్ల నుండి కారుతుంటే సీళ్లు మార్చాలి. సీసా మార్చి ఫలితం లేదు. ఇవన్నీ పాటించిన తరువాత, రోటరీ పంపు ఉన్న బండికి డ్రమ్ములలో చాలాకాలం నిలువ ఉన్న డీజిల్ పోయవలసి వస్తే, కందెన గుణం కోసమే చేసిన ఎస్టరు ద్రవ్యాన్ని చెప్పిన మోతాదులో వాడడం సమంజసం. ఏమున్నదో, ఎంత పోయాలో చెప్పని సీసాను కొనకపోవడమే ఉత్తమం.

ఇందులో నీరు తీయడం డ్రైవరు చేయగల పని. ఫిల్టరు కొని ఇవ్వడం యజమాని చేయవలసిన పని. ఫిల్టరుకు డబ్బులివ్వక సీసా చేతికిచ్చి, పంపు పోయిన నాడు జీతంలో కోత విధించడం న్యాయం కాదు, శాస్త్రమూ కాదు. ఫిల్టరు మార్చిన తేదీని, నీరు తీసిన తేదీని ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకొనే డ్రైవరుకు, అటువంటి రోజున ఆ పుస్తకమే సాక్ష్యం అవుతుంది.